పది గజాల గొలుసు

"అంకుల్, మా చరణ్ యూనివర్సిటీలో గ్రిడైరన్ టీములో చేరతానంటున్నాడు. మీ వంశీ వాళ్ళ టీము ఒకప్పుడు ఛాంపియన్‌షిప్ గెలిచిందట కదా. చేరనివ్వమంటారా, వద్దంటారా?"

చేరనివ్వడమేంటి స్వాతీ, ఈపాటికి చేరిపోయి ఉంటాడు. నీకు చెప్పడం ఇప్పుడు చెప్పాడు, అంతే. మా వాడూ అంతే. కూర్చో. ఆ కుర్చీ కాదమ్మా, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. మీ ఆంటీ మన కొట్లున్న హారిస్ పార్క్ వెళ్ళింది కరివేపాకు కోసం. పెరట్లో చెట్టుంది. అయినా వెళ్ళింది. మనుషుల్ని చూడ్డానికిలే.

గ్రిడైరన్ అంటే ఏం లేదు, అమెరికా వాళ్ళ ఫుట్‌బాలు. తలకి హెల్మెట్, భుజాలకి దిళ్ళు కట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. అమెరికాలో దానికి లక్షమంది వస్తారట. ఇక్కడ మా వంశీ వాళ్ళ యూని మ్యాచికి తల్లిదండ్రులం ఓ ముప్ఫైమంది, ఆరు కుక్కలు. కుక్కలు ఆట బాగా చూసేవి.

వాడు చెప్పినరోజు నేను ఒప్పుకోలేదు. నీకు తెలుసుగా నా సంగతి. మేం ఒంగోలు నుంచి వచ్చినప్పుడు వాడికి నాలుగేళ్ళు. ఇక్కడ ఎవరున్నారు మనకి? వాడికి జలుబు చేస్తే నిద్రపోయేవాణ్ణి కాదు. అప్పట్లో ఇండియాకి ఫోను కార్డు పది డాలర్లు, దాన్ని గోకి నంబరు నొక్కితే అవతల మా అమ్మ "వాడికి అన్నం పెట్టారా?" అనేది, సగం కార్డు అయిపోయేది. మిగతా సగం మా బావమరిది వాళ్ళ స్థలం గొడవ. సరే, అదొద్దులే.

వాడన్నాడు, "డాడ్, ఐ ఓన్లీ కిక్," అని. బంతిని తన్నేవాడు అన్నమాట. తన్నేవాణ్ణి ఎవరూ తాకకూడదట, తాకితే పెనాల్టీ అట. వాడు చెప్తే నమ్ముతానా? రూల్సు పుస్తకం ప్రింటు తీయించి మొత్తం చదివా. నిజమే, తాకకూడదు. బంతి చేజారి వీడు దాన్ని పట్టుకుని పరిగెత్తితే మాత్రం ఎవరైనా ఏమైనా చెయ్యొచ్చు. అదీ చదివా. చదివి, మా వాడు ఎందుకు పరిగెత్తుతాడులే అనుకున్నా.

మొదటి మ్యాచికి వెళ్ళా. మైదానం గీత బయట నిలబడి "తల జాగ్రత్తరా!" అని అరిచా. ఒక్కసారి కాదులే. సగం ఆట అయ్యేసరికి వాళ్ళ కోచ్ డేవ్ వచ్చాడు. వారమంతా ప్లంబింగ్ పని, శనివారం కోచ్. "మేట్, గొలుసు పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు, పడతావా?" అన్నాడు.

ఈ ఆటలో పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు అవకాశాలిస్తారు. పోయారో లేదో చూడ్డానికి పది గజాల గొలుసుంటుంది, రెండు చివరలా రెండు కర్రలు. గీత పక్కన ఇద్దరం చెరో కర్ర పట్టుకుని నిలబడాలి. అనుమానం వస్తే రెఫరీ పిలుస్తాడు, మేం గొలుసు తీసుకుని మైదానంలోకి పరిగెత్తి కొలుస్తాం. రెండో కర్ర టోనీ అని లెబనాన్ ఆయన పట్టుకునేవాడు, వాళ్ళబ్బాయి కూడా మా టీమే. గొలుసు పట్టుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఆటగాళ్ళతో మాట్లాడకూడదు. రెఫరీ చెప్పకుండా చోటు కదలకూడదు. నా నోరు మూయించడానికే నాకా కర్ర ఇచ్చారని ఆంటీ కారులో చెప్పేదాకా నాకు తట్టలేదు.

కానీ ఇచ్చిన పని చెయ్యాలిగా. చేశా. సెమీఫైనల్‌లో మనవాళ్ళకి ఇంత, ఇదిగో చిటికెనవేలంత తక్కువొచ్చింది. టోనీ కన్నుకొట్టాడు, కొంచెం వదులు చెయ్యమని. నేను గొలుసు ఇంకా బిగించా. ఎలాగో గెలిచారనుకో. కారులో ఇంటికొస్తుంటే, మా క్వేకర్స్ హిల్ వైపు తిరిగేచోట వంశీ అడిగాడు, "డాడ్, హూజ్ సైడ్ ఆర్ యూ ఆన్?" అని. గొలుసు వైపు అన్నా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

అసలు వాడు మాట్లాడితే ఇంగ్లీషే. ఆంటీ ఇంట్లో తెలుగే అని రూలు పెట్టింది. ఆమె తెలుగులో అడుగుతుంది, వాడు ఇంగ్లీషులో చెప్తాడు. ఇద్దరూ ఎవరి రూలు వాళ్ళు పాటించారు. నాలుగేళ్ళప్పుడు ఎంత ముద్దుగా మాట్లాడేవాడో! స్కూల్లో వేశాం, అంతే. మీ చరణూ అంతేగా? ఆఁ.

ఆ ఏడాది వాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. ఎందుకో డేవ్‌కీ తెలీదు. ఆంటీ మ్యాచి మ్యాచికీ పులిహోర చేసి పట్టుకెళ్ళేది. ఆ దున్నపోతుల్లాంటి పిల్లలు చేతుల్తో తిని, మిరపకాయలు కూడా నమిలి, కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ఎదుటివాళ్ళని పడగొట్టేవాళ్ళు. పులిహోర వల్లే అని ఆంటీ అంటుంది. నేను కాదనలేదు.

ఫైనల్. మామూలుగా ఫైనల్‌కి గొలుసు బయటివాళ్ళు పట్టుకోవాలి. మనుషులు దొరకలేదు. ఎదుటి టీము కోచ్ "ఆ కళ్ళద్దాల ఇండియన్ ఆయనైతే మాకు ఇష్టమే," అన్నాడట. సెమీఫైనల్ సంగతి వాళ్ళకి చేరింది. ఆ మాటకి మా టీములో ఒక్కరు కూడా సంతోషించలేదు.

చివరి నిమిషం. మనం ఒక్క పాయింటు వెనక. నాలుగో అవకాశం, పది గజాలకి ఇంకా మూడు గజాలున్నాయి. వంశీ బంతిని గోలు స్తంభాల మధ్యకి తన్నితే మూడు పాయింట్లు, కప్పు మనది. ఆ టీములో తన్నడం వచ్చినవాడు వాడొక్కడే. సరే, బంతి వెనక్కి విసిరారు. నేలమీద నిలబెట్టాల్సిన పిల్లాడి చేతిలోంచి జారింది. మావాడు ఏం చెయ్యాలి? వదిలెయ్యాలి. తీసుకుని పరిగెత్తాడు.

ఒకడు కాదమ్మా, నలుగురు మీద పడ్డారు. వీడు కనబడలేదు. నేను కర్ర పట్టుకుని నిలబడే ఉన్నా. వెనకనుంచి ఆంటీ కేకలు, "ఆ కర్ర అక్కడ పారేసి వెళ్ళండీ!" అని. రెఫరీ చెప్పలేదుగా, ఎలా వెళ్తాను? ఒక్కొక్కడే లేస్తున్నారు. అందరికన్నా కింద వీడు, బంతి పొట్టకి అదుముకుని. లేచి మోకాళ్ళమీద కూర్చున్నాడు. అమ్మయ్య అనుకున్నా. అప్పుడు రెఫరీ మమ్మల్ని రమ్మన్నాడు. కొలవాలి.

పరిగెత్తాం. వంశీ బంతి పక్కనే కూర్చున్నాడు. నేను వాణ్ణి చూడలేదు, గొలుసు బిగించి కర్ర నిలబెట్టా. రెండు వేళ్ళు ఎక్కువొచ్చింది. మనదే! మళ్ళీ నాలుగు అవకాశాలు. అందరూ అరుస్తున్నారు. కాసేపాగి వీడు తన్నితే అయిపోతుంది. అప్పుడు వాడు తలెత్తి నన్ను చూసి నవ్వాడు.

"నాన్నా, నువ్వెప్పుడొచ్చావ్? అన్నం తిన్నావా?" అన్నాడు.

ఎంత స్పష్టంగా అన్నాడంటే, మా అమ్మ అన్నట్టే ఉంది. సీజనంతా వాడి కళ్ళముందే ఆ కర్ర పట్టుకుని నిలబడ్డానా, ఎప్పుడొచ్చావంటాడేంటి? పైగా తెలుగులో.

కప్పు అప్పుడే చేతికొచ్చేసినట్టు టోనీ నావైపు చూస్తున్నాడు. డేవ్ చూస్తున్నాడు. మాట్లాడకూడదు, రూలు. చెప్తే వాణ్ణి తీసేస్తారు, తన్నేవాడు ఇంకొకడు లేడు. నేను రెఫరీ దగ్గరికి వెళ్ళి, "సర్, మా అబ్బాయి తలకి దెబ్బ తగిలింది, ఆపండి," అన్నా.

"ఎలా తెలుసు? బానే నవ్వుతున్నాడుగా?" అన్నాడు.

"తెలుగు మాట్లాడుతున్నాడు సర్."

ఆయన నావైపు చూశాడు. "మీరు మాట్లాడేది అదేగా, మేట్?" అన్నాడు.

"నేను మాట్లాడతాను. వాడు మాట్లాడడు."

ఆయనకేమర్థమైందో నాకు తెలీదు. వెళ్ళి వాణ్ణి ఏదో అడిగాడు. మావాడు ఆయన్ని కూడా అన్నం తిన్నారా అని అడిగాడు. ఆయన చెయ్యి ఊపి ఫస్టెయిడ్ వాళ్ళని పిలిచాడు. డేవ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఒక్కసారే. తర్వాత వచ్చి వీడి భుజం కింద చెయ్యేశాడు, నిజం చెప్పాలి.

కర్ర కింద పడేయకూడదుగా. గీత పక్కన ఎదుటి టీము పిల్లాడి తల్లి ఒకావిడ నిలబడుంది. ఏం అడగలేదు, చెయ్యి చాపింది. "గో, లవ్," అంది, వెళ్ళు నాయనా అన్నట్టు. ఇచ్చేసి వెళ్ళా.

అంబులెన్సు తలుపు వేస్తుంటే మైదానంలో పెద్ద కేక. గెలిచాం. తన్నేవాడు లేక ఎవరో బంతి పట్టుకుని చివరి గీత దాటి లోపలికి దూరాడట. ఎవరన్నదానిమీద ఇప్పటికీ రెండు కథలున్నాయి, రెండిట్లోనూ చెప్పేవాడే హీరో. మా ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ప్రశ్నలడిగింది. వీడు అన్నిటికీ తెలుగే. నన్ను అనువాదం చెయ్యమంది. ఇవాళ ఏ వారమంటే శుక్రవారం అన్నాడు. శనివారం అమ్మా ఆ రోజు. ఆంటీ నా చెయ్యి గిల్లింది, శనివారం అని చెప్పమని. పరీక్షా అది? ఫ్రైడే అనే చెప్పా. స్కాన్‌కి తీసుకెళ్ళారు. ఆ తలుపు దగ్గర మేమిద్దరం కూర్చున్నాం. ఆంటీ దగ్గర పులిహోర గిన్నె ఉంది. మూత తియ్యడం, పెట్టడం. తియ్యడం, పెట్టడం.

స్కాన్‌లో ఏం లేదన్నారు. విశ్రాంతి చాలన్నారు. అయినా వీడు తెలుగే. "అమ్మా, దాహం." "అమ్మా, లైటు తియ్యి." ఇన్నేళ్ళూ ఆ మాటల కోసం మొత్తుకున్న మనిషి, ఒక్కో మాటకీ బిక్కచచ్చిపోతోంది.

సాయంత్రం డేవ్ ఫోను చేశాడు గెలుపు సంగతి చెప్పడానికి. వీడు విన్నాడు, ఫోను పెట్టాడు, నావైపు తిరిగాడు. మొహం గంటుపెట్టుకుని, "డాడ్. డిడ్ యూ సీరియస్లీ టెల్ ద రెఫ్?" అన్నాడు.

ఆంటీ మంచమ్మీద కూలబడి ఏడ్చేసింది. "ఇంగ్లీషొచ్చేసిందండీ," అంది. నర్సు పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

ఆ కోపం వేసవి అయ్యేదాకా ఉంచుకున్నాడు. ఉంచుకోనీ. ఇప్పుడు వాడికో కూతురు, మూడేళ్ళు. మొన్న అది మెట్లెక్కుతుంటే వీడు వెనక చేతులు చాపుకుని నడుస్తున్నాడు.

చరణ్ సంగతి నేనేం చెప్పను తల్లీ? ఆపలేవు. వెళ్ళు, చూడు, భయపడు. భయపడ్డం మనకెలాగూ వచ్చు. గెలవనీ, ఓడనీ. చల్లగా ఉండాలి మీ వాడు. నీమీద గట్టిగా విసుక్కునేంత ఓపికతో రోజూ ఇంటికి రావాలి. అంతకన్నా ఏం కావాలి... టీ చల్లారిపోతోంది, తాగు.