బిడ్డ కన్నా ముందు తల్లిని సిద్ధపరచిన సాలమ్మగారు

1931వ సంవత్సరం జూన్ నెల ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయాన, చంకలో ఒక బట్టల మూటతో శ్రీమతి సాలమ్మగారు భువనగిరిలోని మన దయాసదన దవాఖాన మెట్లెక్కారు. అప్పటికి వారి వయస్సు ముప్పైతొమ్మిదేళ్లు. భర్త ఇస్రాయేలుగారు ప్రభువు సన్నిధికి చేరి ఇంకా ఏడాది నిండలేదు. కట్టంగూరులో వారికి మిగిలినవల్లా ఒక గుడిసె, పదేళ్ల కూతురు నిర్మలమ్మ. ఊడ్చే పని దొరికితే అదే పదివేలనుకుని వచ్చిన ఆ తల్లి, పదహారేళ్లకు రెండు నెలలు తక్కువగా మన మధ్య సేవలందించి, ఈ 1947 మార్చి ముప్పై ఒకటిన ఆపరేషను గది పెద్దాయమ్మగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన వారి సేవలను స్మరించుకోవడం మన కర్తవ్యమే కాదు, మన భాగ్యం కూడా.

మొదటి రెండేళ్లూ వారు వరండాలు ఊడ్చారు, గుడ్డలు ఉడకబెట్టారు, పనిముట్లు కడిగారు. మధ్యాహ్నపు తీరికలో కూతురి పలక మీదనే తానూ అక్షరాలు దిద్దుకున్నారు. 1933లో డాక్టరు రఘుపతిగారు వారి చేతి శుభ్రతను, పని మీది శ్రద్ధను గమనించి, దవాఖాన తెల్లచీర ఇచ్చి ఆపరేషను గదిలోకి తీసుకున్నారు. సాలమ్మగారికి కోపం రాదని రాస్తే ఈ సంచికలోని మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. మురికి చేతులతో దూది ముట్టుకున్న కాంపౌండర్లను వారు ఎలా నిలబెట్టి కడిగేశారో, ఆ కాంపౌండర్లే ఈ సంచికను చదువుతున్నారు గనక, వివరించనవసరం లేదు.

మన దవాఖానకు వచ్చే పిల్లలలో ఎక్కువమంది కూలి బతుకుల వాళ్ల బిడ్డలు. తుమ్మముల్లు విరిగి చీము పట్టిన మడమలు, మెడ మీద గడ్డలు, గొంతులో వాచిన కాయలు వారి బాధలు. ఉదయం మత్తు ఇచ్చి కోసి, కట్టు కట్టి, పొద్దు వాలకముందే ఇంటికి పంపించడం రఘుపతిగారు పెట్టిన పద్ధతి. ఎందుకంటే ఆ తల్లిదండ్రులు ఒక పూట పనికి రాకపోతేనే దొర మనుషులు గుడిసె ముందు నిలబడతారు. ఇక నాలుగు రోజులు దవాఖానలో ఉండమంటే వాళ్లు బిడ్డను అసలు తీసుకురారు. కోసేది డాక్టరే అయినా, ఆ తర్వాత బిడ్డను చూసుకోవలసింది తల్లే. ఏం చేయాలో, ఏం చేయకూడదో తల్లిదండ్రులకు ముందుగా చెప్పే బాధ్యత సాలమ్మగారిది.

వారు చెప్పేవారు, వినేవాళ్లు తలూపేవారు. అంతా సవ్యంగానే ఉందనిపించేది.

1934 జనవరిలో నర్సింగమ్మ అనే కూలి మనిషి, ఆరేళ్ల కూతురు యాదమ్మను ఎత్తుకుని వచ్చింది. పిల్ల మడమ కుండలా వాచి ఉంది. మర్నాడు ఉదయం కోస్తామన్నారు. "పొద్దుగాల బిడ్డకు ఏం పెట్టకు. నీళ్లు సుత తాపకు" అని సాలమ్మగారు చెప్పారు. "గట్లనే అమ్మా" అంది నర్సింగమ్మ. మర్నాడు ఆపరేషనుకు ముందు డాక్టరుగారే స్వయంగా అడిగారు. "ఏం పెట్టలే బాంచను" అని చేతులు జోడించింది.

మత్తు ఎక్కిన కాసేపటికే పిల్ల కడుపులోంచి పొద్దున తిన్న జొన్న గటక తన్నుకొచ్చింది. ఊపిరి ఆగింది. పెదవులు నల్లబడ్డాయి. డాక్టరుగారు పిల్లను చటుక్కున పక్కకు తిప్పి, తల కిందికి వంచి, గొంతులో వేలు పెట్టి తీస్తున్నారు. సాలమ్మగారు ఆ చిన్న కాళ్లను పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. చివరికి యాదమ్మ దగ్గింది, ఆ తర్వాత బొబ్బ పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నంత సంతోషం తన జన్మలో మరి దేనికీ కలగలేదని సాలమ్మగారు నేటికీ అంటారు.

పిల్ల గండం గడిచాక డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ తీర్పు చెప్పారు. "ఇగ నుంచి చిన్న పిల్లలకు మత్తిచ్చి అదే రోజు ఇంటికి పంపుడు బంద్. నాలుగు దినాలు ముందుగాల వచ్చి, మన కండ్ల ముందర ఉంటేనే కోస్త."

ఆ మాట సాలమ్మగారి గుండెలో ముల్లులా దిగింది. నాలుగు దినాలు ఎవరుంటారు? ఆ నియమం పెడితే కూలివాళ్ల పిల్లల చీము పాదాలు గుడిసెల్లోనే కుళ్లిపోవాలి. వారు బయటికి వచ్చి, గోడ వారగా ముడుచుకుని కూర్చున్న నర్సింగమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. ఎందుకు పెట్టావని కాదు, ఏమనుకుని పెట్టావని అడిగారు.

"కత్తి కిందికి పంపే బిడ్డనమ్మా" అంది నర్సింగమ్మ ఏడుస్తూ. "ఉత్త కడుపుతోని ఎట్ల పంపుదు? ఏమన్న అయితే, నా బిడ్డ ఆకలితోనే పాయెనని నా పానం ఉన్నన్నాళ్లు కొట్టుకోదా? రెండు బుక్కలు పెట్టిన. పెట్టొద్దంటివి గని, ఎందుకు పెట్టొద్దో నువ్వు చెప్పకపోతివి."

ఎందుకు పెట్టకూడదో సాలమ్మగారికీ తెలియదు మరి. డాక్టరుగారు చెప్పమన్నారు, తాను చెప్పారు. ఎందుకు సాబ్ అని ఒక్కనాడూ అడగలేదు. పెద్దవాళ్లు ఏది చెప్పినా తలూపడం నర్సింగమ్మకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య అయితే, తనకూ అబ్బింది అదే విద్య. తెల్లచీర కట్టుకున్నంత మాత్రాన అది పోలేదు.

వారు లేచి నేరుగా డాక్టరుగారి గదికి వెళ్లారు. "సాబ్, తప్పు ఆ తల్లిది కాదు, నాది" అన్నారు. "తలూపుడు జూసి సమజ్ అయిందనుకున్న. మా వాడల దొర ఏం చెప్పినా గట్లనే అంటం. కాదంటే వీపు పగులుతది. గీ తెల్లచీర జూసి నాకు సుత గట్లనే అన్నది. జర చెప్పుండ్రి, మత్తుకు ముందు ఎందుకు తినొద్దు?"

రఘుపతిగారు ఆశ్చర్యపోయారు. అన్నేళ్ల వైద్యవృత్తిలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి సాలమ్మగారేనట. మత్తులో ఉన్న బిడ్డకు కక్కు వస్తే అది ఊపిరి గొట్టంలోకి పోతుందని విడమరిచి చెప్పారు. అప్పుడు సాలమ్మగారు ఒక నెల గడువు అడిగారు. "నెల దినాలల్ల ఒక్క బిడ్డకు గిట్ల అయినా, మీరన్నట్టే బంద్ పెట్టుండ్రి. నేనే గడపకాడ నిలబడి ఎనుకకు పంపుత." డాక్టరుగారు సరేనన్నారు.

మర్నాటి నుంచి వారు వరండాలో చాప పరిచారు. తల్లిని, తండ్రిని, వస్తే అవ్వను కూడా దాని మీద కూర్చోబెట్టి, తానూ వాళ్ల మధ్యనే కూర్చునేవారు. "నిద్రల నీళ్లు తాపితే పొలమారదా? గిదీ గంతే" అని ముందు కారణం చెప్పేవారు. చెప్పింది తిరిగి వాళ్ల నోటితో చెప్పించేవారు. "గట్లనే అమ్మా" అంటే వదిలేవారు కాదు. "గట్లనే అంటే ఎట్లనే? చెప్పు, వింట" అనేవారు. గుడ్డమూటను బిడ్డలా తండ్రి చేతుల్లో పెట్టి, మత్తు దిగేదాకా పక్కకు తిప్పి ఎలా పడుకోబెట్టాలో చేయించి చూసేవారు. మత్తు దిగేటప్పుడు పిల్లలు ఏడుస్తారని, కక్కుతారని, లేనిపోని మాటలు మాట్లాడతారని ముందే చెప్పి ఉంచేవారు. అంతకు మునుపు ఒక తండ్రి, మత్తులో బతుకమ్మ పాట అందుకున్న కొడుకును చూసి దయ్యం పట్టిందని వేపమండలు విరుచుకొచ్చాడు. కట్టు విప్పి బూడిద అద్దవద్దని, జ్వరమొచ్చినా, కట్టు నెత్తుటితో తడిసినా ఏ వేళనైనా తీసుకురమ్మని చెప్పేవారు. "నొప్పి ఉండదని బిడ్డకు అబద్ధం చెప్పకుండ్రి. ఉంటది, నేను పక్కనే ఉంట అని చెప్పుండ్రి" అనడం మాత్రం ఎన్నడూ మరువలేదు.

తల్లులను గటక వండుకుని రమ్మన్నదీ వారే. ఉత్త కడుపుతో పంపాననే బాధ తల్లికి ఉండకూడదని, ఆ గిన్నెను ఆమె ఒళ్లోనే ఉంచి, "బిడ్డ కండ్లు తెరిచి, కక్కుడు ఆగినంక ముందు నీళ్లు, ఎనుక గిది. నీ చేతితోనే పెట్టు" అనేవారు. బయట కూర్చున్న తల్లికి ఆ గిన్నె ఎంత ధైర్యమో చూసినవాళ్లకే తెలుసు.

ఆ నెలలో పదకొండుమంది పిల్లలకు మత్తు ఇచ్చారు. పదిమంది ఖాళీ కడుపుతో వచ్చారు. పదకొండో బిడ్డ తల్లి గుర్వమ్మ గడపలోనే నిలబడి, "పెట్టిన అమ్మా, ఉండబట్టలే" అని ఉన్నమాట చెప్పేసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆపరేషను మధ్యాహ్నానికి జరిపారు, అంతే. ఆ పదిమంది కన్నా నిజం చెప్పిన గుర్వమ్మనే సాలమ్మగారు ఎక్కువ మెచ్చుకున్నారు. నాటి నుంచి నేటి వరకు ఆ పద్ధతి ఆగలేదు. ఎన్ని వందలమంది పిల్లలు తమ కాళ్ల మీద తాము నడుచుకుంటూ ఇళ్లకు చేరారో లెక్క పెట్టడం మన తరం కాదు.

గత ఫిబ్రవరిలో జానయ్య అనే బర్రెల కాపరి, చెవిపోటుతో అల్లాడుతున్న కొడుకును తీసుకొచ్చాడు. ఆనాడు సాలమ్మగారికి జ్వరంగా ఉండి ఒక మూల కూర్చోవడంతో, డాక్టరుగారే తొందర తొందరగా అన్నీ చెప్పి లేవబోయారు. జానయ్య నెత్తి రుమాలు సర్దుకుని, డాక్టరుగారి ముఖంలోకి సూటిగా చూసి అన్నాడు, "సాబ్, నాకు సమజ్ కాలే. మల్లొక్కపారి చెప్పుండ్రి." ఇరవై ఏళ్ల కిందట ఆ మాట అన్నవాడి గతి ఏమయ్యేదో అందరికీ తెలుసు. రఘుపతిగారు అతని ఎదుట కూర్చుని మొదటి నుంచీ మళ్లీ చెప్పారు. సాలమ్మగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అందరూ జ్వరం ఎక్కువైందనుకున్నారు. అది జ్వరం కాదు.

సాలమ్మగారూ, మీరు మాకు నేర్పింది మందుల పని కాదు, మనుషుల పని. అందుకు మేమంతా మీకు రుణపడి ఉన్నాం. పరాయి బిడ్డలు కళ్లు తెరిచేదాకా పదహారేళ్లు పక్కన కూర్చున్న మీ పక్కన, ఇకపై మీ నిర్మలమ్మ, మనుమలు, మనుమరాళ్లు తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పాలని, మీరు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వాళ్ల మాటలు వింటూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.