గోడ అవతల పది అడుగులు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన అపార్ట్‌మెంట్ల సంఘం పెద్ద వెంకటనారాయణ గారికి, ఎవరి కుర్చీలోనో కూర్చున్నట్టు అంచున ఒదిగిన మన తోటమాలి పెంటయ్య గారికి, పక్కనే నావైపు గుర్రుగా చూస్తున్న ఆయన భార్య సీతాబాయమ్మకు, మిత్రులకు నమస్కారం. పెద్దాయనా, వెనక్కి జరగండి, శాలువా కప్పాక ఆ కుర్చీ మీదే. (నవ్వులు)

కడప నుంచి మణికొండకు వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న నాకు, మన ప్రహరీ వెనక అడవి అంటే కిటికీలోంచి కనబడే పచ్చదనమే. ఏటా మాఘంలో ఈయన గోడ అవతల పది అడుగుల మేర గడ్డి కోసి, నేల తేలేదాకా ఊడ్చేవారు. నేనేమో పచ్చదనం పాడుచేస్తున్నాడు, పనిలోంచి తీసేయండని ఫోటోలతో సహా అందరికీ మెయిల్ పెట్టాను. దివ్య గారూ, అందరికంటే ముందు మీరే సరేనన్నారు, అటు తిరగకండి! (నవ్వులు) ఈయన్ని నిలదీస్తే, “అగ్గికి తినెతందుకు గడ్డి గావాలె సారూ. మట్టి కనబడితే ఆడనే ఆగుతది. జర నన్ను పని చేసుకోనియ్యి” అన్నారు.

నిరుడు మార్చిలో తెలంగాణ బంద్ రోజు, ఆఫీసులు లేవు కదా అని మనమంతా చేతులకు తొడుగులు వేసుకుని శుభ్రత కార్యక్రమం పెట్టాం. ఊడ్చిన ఆకులు ఆ పది అడుగుల మట్టి గీత అవతల కుప్ప పోశాం. “కాల్చకుండ్రి, గుంతల వెయ్యిండ్రి” అని చెప్పి ఈయన అన్నానికి వెళ్లారు. మీరంతా టీకి వెళ్లారు. ఆ తర్వాత గాలి తిరిగింది, అడవి గడ్డి అంటుకుంది, ఫైరింజనుకు ఫోన్ చేస్తే రోడ్లన్నీ ఆగిపోయాయన్నారు. పెంటయ్య గారు వీధి మూలనున్న ఉద్యమ శిబిరానికి పరుగెత్తారు. వాళ్లు జెండాలు పక్కనపెట్టి, పచ్చి వేపకొమ్మలతో వచ్చి మంటను కొట్టారు. గోడవైపు వచ్చిన మంట మాత్రం ఆ పది అడుగుల మట్టి దగ్గర ఆగిపోయింది. గోడకు ఆనుకున్న తోటమాలి గదిలో, ఆ సమయానికి, సీతాబాయమ్మ చేసిన జొన్నరొట్టె తింటున్నది మా అమ్మాయి నవ్య.

మర్నాడు సమావేశంలో ఎవరో, పెంటయ్య బీడీ వల్లే అంటుకుందన్నారు. ఈయన నావైపు ఒక్కసారి చూసి, “గట్లనే రాసుకోండ్రి” అన్నారు. రాసుకున్నాం. ఈయన జన్మలో బీడీ ముట్టలేదని తెలిసిన సీతాబాయమ్మ ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు. ఎందుకలా అన్నారని తర్వాత ఈయన్ని అడిగితే, “నీ బిడ్డ ముంగట నిన్ను తల దించుకోమంటనా సారూ?” అన్నారు.

అధ్యక్షా, ఈ సన్మానం పెట్టమని మిమ్మల్ని నేను అడిగింది ఇందుకే. ఆ సమావేశాల పుస్తకం మీ ముందే ఉంది. ఆ మాట కొట్టేయండి. ఈయన తిరిగొచ్చేలోగా పని అయిపోతుందని ఆకులకు అగ్గిపుల్ల గీసి, బంద్ అయినా ఆఫీసు ఫోన్ వస్తే మేడమీదికి వెళ్లిపోయింది నేనే. కుప్ప దగ్గర మిగిలింది నేనొక్కణ్ణేనని ఈయనకు తెలుసు. నవ్యా, నువ్వూ విను, ఆ రోజు నిప్పు పెట్టింది మీ నాన్న. ఏడాదిగా ఈ పెద్దాయన ముఖం చూడటానికి నాకు సిగ్గుగా ఉంది. నేను పనిలోంచి తీసేయమన్న మనిషే నా బిడ్డను కాపాడి, నా పరువునూ కాపాడాడు. క్షమించండి పెంటయ్య గారూ.

గీత ఎక్కడ మొదలుపెట్టాలో నిన్న ఆయనే నాకు నడిచి చూపించారు. వచ్చే మాఘంలో పార పట్టేది నేను. దివ్య గారూ, మీరూ రావాలి. (నవ్వులు)

సీతాబాయమ్మా, ఇప్పుడైనా ఒక్కమాట అనండి. తిట్టినా సరే. ఏమిటీ? వినపడలేదు... “జల్ది దిగు, రొట్టె సల్లబడతది” అంటున్నారు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఏడాది తర్వాత పిలుపు వచ్చింది, ఇక ఆగలేను. సెలవు.