దోనెలో పక్కకి తిరిగిన రోజు

"అమ్మమ్మా, డాక్టరమ్మ వెల్లకిలా పడుకోవద్దంది. నొప్పులొచ్చినప్పుడు కూడా అంతేనట. మీ రోజుల్లో ఇదంతా ఎవరు చెప్పేవారు?" అన్నాను.

ఎవరు చెబుతారే, అంది అమ్మమ్మ. కడుపులో ఉన్నదే చెప్పింది. మీ అమ్మ.

కొల్లేటి లంకలో కదా నా కాపురం. అణాకి బుట్టెడు కొర్రమీనులొచ్చే రోజులు... అదలా ఉంచు. ఆ ఏడు కొల్లేరు పొంగి గట్లన్నీ మునిగాయి. నొప్పులు మొదలయ్యాక మంత్రసాని చూసి, బిడ్డ ఇంకా పైనే ఉంది, ఏలూరు ఆసుపత్రికి తీసికెళ్లండంది. తాటిదోనె తప్ప దారేదీ? తాటిమాను తొలిచిందే కదా, మనిషి పడుకుంటే పక్కన ఇంక చోటుండదు. చూలాలినైనా సరే అందులో వెల్లకిలా, కట్టెలా పడుకోబెట్టడం మా లంకలో పద్ధతి. కదిలితే బోల్తా.

తల దగ్గర మా అత్తగారు కూర్చుంది. కాళ్ల వైపు దోనె నడిపే వెంకన్న గడ వేస్తున్నాడు. కాస్త దూరం వెళ్లామో లేదో ఒళ్లంతా చెమటలు, కళ్లు చీకట్లు. అప్పటిదాకా తన్నుతున్న పిల్ల, ఉన్నట్టుండి కదలడం మానేసింది.

"అత్తయ్యగారండీ, బిడ్డ కదలట్లేదండీ. పక్కకి తిరుగుతాను."

"నిద్రపోతుందిలే. పడుకో."

"నొప్పుల్లో నిద్రేవిటండీ?"

"నువ్వు తిరిగావంటే ముగ్గురం మునుగుతాం."

"తిరక్కపోతే నాలుగోది పోతుందండీ. ఏది నయమో మీరే చెప్పండి."

చూశావూ, కాలేజీలో వాదించి కప్పులు తెచ్చానని నీ గొప్పేం కాదు. ఆ నోరు నాది.

వెంకన్న గడ ఆపాడు. "ఆవిడ తిరిగితే దోనె అటు ఒరుగుద్దండి అమ్మగారూ. అటేపు ఎవరైనా దిగి ఎత్తిపట్టాలండి."

అత్తగారికి ఈత రాదు. ఏమనుకుందో మరి, వెంకన్న గడ గుచ్చి దోనెని నిలబెడితే, కోక ఎగ్గట్టి నీళ్లలోకి జారింది. గుండెలదాకా నీళ్లు, కింద బురద. అంచుకి భుజం ఆనించి, "తిరగవే" అంది.

ఎడం పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకున్నాను. నాకు మళ్లీ కళ్లు కనబడ్డాయి గానీ, బిడ్డ మాత్రం... కదల్లేదు. అత్తగారు అంచు వదలకుండా నడుస్తూనే ఉంది. "తన్నిందా?" అంటుంది. నేను పొట్ట తడుముకుంటాను. మళ్లీ కాసేపటికి, "తన్నిందా?"

నీళ్లలో తూడు మొక్కల గుబురు దాటుతుండగా తన్నింది చూడూ, డొక్కలో.

"తన్నిందండీ."

"అయితే నోరుమూసుకుని పడుకో," అంది. గట్టు చేరేదాకా మాత్రం దోనె ఎక్కలేదావిడ.

ఆ తరవాత మా లంకలో ఏ చూలాలిని తీసికెళ్లినా, రెండు దోనెలు జోడించి కట్టించేది. పిల్ల పక్కకి తిరగొద్దూ మరి, అని అందరి మీదా కేకలేసేది. ఆ మాట నాదేనని ఎవరికీ చెప్పలేదనుకో.

సరే, నీది మంచమేగా, ఒరిగేది లేదు. ఆ దిండు వెనక పెట్టుకుని ఎడమకి తిరుగు తల్లీ. చల్లగా ఎత్తుకుందువుగాని నీ బిడ్డని. ఆఁ... ఇంతకీ, తన్నిందా?