నాలుగో క్లచ్

మెకానిక్ షెడ్డులో బల్ల మీద పాత చొక్కా పరిచి, కారులోంచి విప్పిన క్లచ్ ముక్కలు, పక్కన రెండు కొత్త క్లచ్‌లు పెట్టి ఉన్నాయి. బల్లకి అటు మెకానిక్, ఇటు స్టూలు మీద అతని అక్క మొగుడు. బావగారిది వచ్చినప్పటినుంచీ ఒకటే పాట.

“జారనిది కావాలిరా. అంతే. ఇంకో మాట లేదు.”

“జారని క్లచ్ ఎక్కడా ఉండదు బావా. ఎంతవరకు ఓర్చుకుంటుందన్నదే చూసుకోవాలి.”

“అయితే ఎక్కువ ఓర్చుకునేది పెట్టు. ఏడాదిన్నరలో మూడు తినేసింది ఈ బండి. నాలుగోదైనా నిలవాలా వద్దా?”

“బండి తినలేదు.”

“ఏంటి?”

“ఏం లేదు. ముందు ఇవి చూడు. ఇది సిరామిక్. గట్టిగా పట్టేస్తుంది. కానీ ట్రాఫిక్‌లో పెడల్ వదిలావా, గుర్రం తన్నినట్టు తంతుంది. పక్కన కూర్చున్న నీ కూతురికి మెడ పట్టేస్తుంది.”

“వద్దు, వద్దు. దానికి పొద్దున్నే ఈత ప్రాక్టీసు. దాని మెడ పట్టేస్తే మీ అక్క నా మెడ పట్టుకుంటుంది. అది?”

“ఇది రెండు ప్లేట్లది. మెత్తగా కలుస్తుంది, గట్టిగా నిలుస్తుంది. బండి ఆగినప్పుడు కాస్త గలగలమంటుంది.”

“అననీ. ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అదైనా మాట్లాడుతుంది. ఇదే ఖాయం. సాయంత్రానికి ఎక్కించెయ్.”

“ఎక్కించను.”

“ఎందుకెక్కించవు?”

“ఇదీ ఆరు నెలలే.”

“తుక్కులో పడున్న బండిని తెచ్చి, ‘ఇంజన్ పవర్ రెట్టింపు చేస్తా బావా, ఎగిరిపోతావు’ అన్నదెవరు? నువ్వు. ఇప్పుడు ఆ పవర్‌ని తట్టుకునే క్లచ్ లేదంటే ఎలారా బామ్మర్దీ?”

“పవర్ వల్ల కాదు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి రెండూ విప్పాను, పారేశాను, కొత్తవి వేశాను. ఈసారే నిదానంగా చూశాను. ఈ బేరింగ్ తిప్పు.”

“తిరగట్లేదు.”

“గ్రీజంతా మాడిపోయింది. పోయినసారి కొత్తది వేశాను. పెడల్ నొక్కినప్పుడే దీని మీద బరువు పడుతుంది. ఇంజన్ పవర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బావా, నువ్వు క్లచ్ మీద కాలు తియ్యట్లేదు. దారి పొడుగునా కాలు దాని మీదే ఉంటోంది.”

“నేనా? నీకు డ్రైవింగ్ నేర్పిందెవడ్రా?”

“నువ్వే. ‘ఊరికే పెడల్ మీద కాలు ఆనించావంటే కాలు విరగ్గొడతా’ అన్నావు. అందుకే అడుగుతున్నా.”

“ఆనించట్లేదంటున్నాగా.”

“ఆనించట్లేదని నీకనిపిస్తోంది.”

“అంటే?”

“నీ ఎడమ చెప్పు ఏది?”

“కాలికే ఉంది.”

“చూసుకో.”

“ఇదేంటి… ఇందాక ఉందే.”

“గేటు దగ్గర జారిపోయింది. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఈ ఇనప ముక్కల మీద ఉత్త కాలితో నడిచొచ్చావు. చూస్తూనే ఉన్నాను.”

“తొందర్లో గమనించలేదు.”

“బావా.”

“గమనించలేదన్నాగా! మనుషులన్నాక చెప్పులు జారవా ఏంటి?”

“ఎన్నాళ్ళనుంచి?”

“ఆ రెండు ప్లేట్లది ఎక్కించు. మాటలొద్దు.”

“ఎన్నాళ్ళనుంచి బావా?”

“ఏడాదిన్నర దాటింది. షుగరు. నరాలు చచ్చుపడ్డాయన్నాడు డాక్టరు. దూది మీద కాలు పెట్టినట్టుంటుంది. మొదట్లో వేళ్ళే. ఇప్పుడు మడమ దాకా.”

“అక్కకి తెలుసా?”

“చెప్పావో, ఈ జన్మలో నీ గడప తొక్కను.”

“డ్రైవింగ్ మానెయ్యమన్నాడా లేదా?”

“డాక్టర్లు అన్నీ మానెయ్యమనే అంటారు.”

“పిల్లని ఎక్కించుకుని వెళ్తున్నావు! రోజూ! నా మేనకోడల్ని!”

“అరవకు. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఏమన్నా అయిందా?”

“అయ్యాక మానేస్తావా?”

“నీకు తెలీదురా. అది ఇంట్లో నోరు విప్పదు. పద్నాలుగేళ్ళొచ్చాయి, తలుపేసుకుని కూర్చుంటుంది. పిలిస్తే ‘ఊఁ’, లేకపోతే ‘ఊహూఁ’. అదే ఈ బండెక్కిందంటే, ఈత కొలను వచ్చేదాకా ఇరవై నిమిషాలు వసపిట్టలా వాగుతుంది. కోచ్‌ని వెక్కిరిస్తుంది, స్నేహితురాళ్ళ మీద చాడీలు చెబుతుంది. మిగతా రోజంతా లారీలు తూకం వేసుకుంటూ బతుకుతున్నాను. నాకున్నది ఆ ఇరవై నిమిషాలే.”

“బస్సులో తీసుకెళ్ళు. పక్కనే కూర్చో.”

“బండి నీ దగ్గరున్న ఈ నాలుగు రోజులూ అదే చేశాను. ఎక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటోంది.”

“పోనీ నేను నడుపుతా. మీరిద్దరూ వెనక కూర్చోండి.”

“నువ్వుంటే ఎందుకు మాట్లాడుతుంది? ఆమధ్య మీ అక్క వస్తానని బండెక్కింది. దారంతా పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, మహాతల్లి.”

“నేనేం చెయ్యను బావా? నాతో ఏం చెయ్యమంటావు?”

“ఆగు, ఆగు. ఎడమ కాలు పోయింది, ఒప్పుకున్నా. తప్పంతా నాదే. అయితే అసలు క్లచ్ పెడలే లేకుండా చెయ్. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఈ బండికి ఎక్కుతుందా ఎక్కదా?”

“ఎక్కుతుంది. చాలా కొయ్యాలి, అతకాలి. కానీ ఎక్కుతుంది.”

“మరింకేం! నా ప్రాణం తోడేసే బదులు ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. ఎడమ కాలితో ఇక పనేముంది? బ్రేకూ, ఆక్సిలరేటరూ రెండూ కుడికాలివే.”

“కుడి కాలు బాగుందా?”

“నిక్షేపంలా ఉంది.”

“అయితే ఆ చెప్పు కూడా విప్పు.”

“నమ్మవా?”

“నమ్మాలనే ఉంది. కళ్ళు మూసుకో. నా వేలు ఎక్కడ తగిలితే అక్కడ పేరు పెట్టి చెప్పాలి. నీకు నిజంగా తెలిస్తే రేపే గేర్‌బాక్సు వెతుకుతా. అక్కకీ చెప్పను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“కానియ్. మూసుకున్నా. ఆఁ… ఇదిగో, బొటనవేలు! మెల్లగా పెట్టావు. ఇప్పుడు పక్కకి జరిపావు. చెప్పానా లేదా? చాలా, ఇంకా కావాలా?”

“నేనింకా ముట్టుకోలేదు బావా.”