పర్శరాములు ఎనిమిది తిప్పిన ముచ్చట

ఎల్లారెడ్డి బస్టాండుకు ఎదురుంగ పెద్దవ్వ చాయ్ హోటల్. బయటి బల్ల మీద ఒక కొత్త తాళంచెవి పెట్టి ఉంది. దాని చుట్టు కూసున్నోళ్ళు చాయ్ కంటె ఎక్కువ దాన్నే చూస్తున్నరు. పాల సంఘం కొత్తగ తెచ్చిన వ్యాను తాళం అది. వ్యాను రోడ్డు పొంటి నిలవడి ఉంది. దాని బంతిపూల దండ ఇంక వాడలేదు, చక్రాల కింద తొక్కిచ్చిన నిమ్మకాయలు ఇంక పచ్చిగనే ఉన్నయి. రోజు పొద్దుగాల ఊర్లల్ల పాలు ఎత్తుకొని కామారెడ్డికి తోలుకపోవాలె. తోలేది ఎవరన్నది ఈ చాయ్ అయిపోయేలోపల తేలాలె.

సంఘం పెద్ద నర్సింహులు తాళంచెవిని తన దిక్కు జరుపుకున్నడు.

"కావాల్నన్నోళ్ళు ఇద్దరు. సీతారాం ఇన్నొద్దులు పాత పాల ఆటో తోలిండు. పర్శరాములన్న ట్రాక్టర్ తోలుతడు. అన్నా, ఒక్క మాటడుగుత, కోపం చేయకు. నీకు కారు లైసెన్సు ఉన్నదా?"

పర్శరాములు గ్లాసు కింద పెట్టిండు. ఆయనకు కోపం రాకుంట ఉండదు, వస్తే పోదు. ఎప్పుడో నర్సింహులు బిడ్డ పెండ్లిల తన విస్తరిల ముక్క లేకుంట ఉత్త షేర్వ పోసినోని మొఖం ఇప్పటికి యాదికుంది. సీతారాం సంగతి ఇంక పెద్దది. పర్శరాములు వడ్ల ట్రాలీతోని నిమ్మలంగ పోతుంటే ఎనకనుంచి హారన్ మీద హారన్ కొట్టి, మీదికెల్లి దుమ్ము లేపుకుంట ముందటికి పోయిండు. అప్పటిసంది సీతారాంకు నేరుగ జవాబియ్యడు. పక్కోనికి చెప్తడు, వానికి ఇనవడేటట్టు. అసొంటోని చేతికి ఈ తాళం పోతే, ఇగ రోజు తెల్లారితే తన ఇంటి ముందల్నే వాడు హారన్ కొడుతడు. అది జరుగద్దు. ప్రాణం పోయినా జరుగద్దు.

"లైసెన్సా?" అన్నడు తువ్వాల దులిపి భుజానేసుకొని. "నేను కామారెడ్డికి పరీక్షకు పోయిన దినం ఏమైందో మీకెవ్వలు చెప్పనే లేదా?"

"చెప్పలే."

"చెప్పరు. ఓర్వలేనోళ్ళు ఎందుకు చెప్తరు."

పరీక్షకు పోయింది నిజం. అల్లుని కారు తీస్కపోయింది నిజం. అక్కడిదాంక ఎవ్వలు కాదనేటందుకు లేదు.

"పొద్దుగాల్నే పోయినం. ఆడ సిమెంటుతోని ట్రాకు ఉంటది, ఎనిమిది అంకె రాసినట్టు. పక్కలకు కట్టెలు నిలవెట్టిండ్రు. కట్టెకు తాకద్దు, నడుమ ఆగద్దు. నా ముందు పోయిన పోరగాండ్లు, నల్లద్దాలు పెట్టుకున్నోళ్ళు, పటపట కట్టెలు పడగొట్టుకుంట పోతున్నరు. నా వంతు వచ్చింది. ధోతి ఎగజెక్కిన, తువ్వాల సీటు మీద పరిచిన, కూసున్న. ఇన్‌స్పెక్టర్ సారు పక్కకు కూసొని 'పోనియ్ బాపు' అన్నడు. పోనిచ్చిన. ఒక్క కట్టె కదిలితే ఒట్టు."

"మంచిగయింది కొడుకా," అన్నది పెద్దవ్వ, పొయ్యి కాడికెల్లి.

"మంచిగయిందేంది పెద్దవ్వా, ఇంక షురూనే కాలే. సారు రాసే పెన్ను ఆపి నన్ను చూసిండు. 'బాపు, ఎనకకు గూడ ఎయ్యొస్తదా' అన్నడు. ముందటికి అందరు ఏస్తరు, ఎనకకు ఏసెటోడు జిల్లాలనే లేడట. ఏసిన. అద్దంల చూసిన్నా? చూడలే. చుట్ట ముట్టిచ్చుకుంట ఏసిన. అగ్గిపుల్ల ఆరకముందే ఎనిమిది అయిపోయింది."

సీతారాం గ్లాసు నోటికాడ పెట్టుకొనే అడిగిండు, "పరీక్షల చుట్ట తాగనిస్తరా కాకా?"

పర్శరాములు నర్సింహులు దిక్కు తిరిగిండు. "వానికి చెప్పు, అగ్గిపెట్టె ఇచ్చిందే సారని."

నర్సింహులు తాళంచెవి మీది చెయ్యి తీయలేదు. ఇది సరిపోలేదన్నట్టు. పర్శరాములుకు అర్థమైంది, ఇంక కొంచెం పొయ్యాలె.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎత్తు మీద బండి ఆపి, ఎనకకు జారకుంట మల్ల లేపాలె, అదొక పరీక్ష. ఆడ కట్టిన ఎత్తు నా కంటికి ఆనలే. 'సారూ, గిది మా పొలం గట్టంత లేదు, ఇంకేమన్నుంటే చూపెట్టు' అన్న. సారు చుట్టూరా చూసిండు. రోడ్డు అవుతల వడ్ల కుప్పలు, కాంటాకు ఎదురుచూస్తున్నయి, ఒక్కోటి తాటిచెట్టంత. 'గదెక్కుతవా' అన్నడు. ఎక్కిన! నడిమిట్ల ఆపిన. ఆపి, కిందికి దిగి, హమాలీలతోని ముచ్చట వెట్టి, వాళ్ళింటోళ్ళ మంచిచెడ్డ అడిగి, మల్లచ్చి లేపిన. ఒక్క గింజ జారలే. కారు వేడికి వడ్లల్ల తేమ మొత్తం ఇగిరిపోయింది. తేమ చూసే మిషిన్ పెడితే సున్న! రైతులు నన్ను ఎత్తుకొని ఊరేగిచ్చిండ్రు."

"మా వడ్లు వారం సంది ఆరుతలేవు," అన్నది పెద్దవ్వ చాయ్ వడగట్టుకుంట. "ఓపాలి మా కుప్ప గూడ ఎక్కరాదు కొడుకా, పుణ్యముంటది."

అందరు నవ్విండ్రు. పర్శరాములు గూడ నవ్విండు, ఎందుకంటే అది పొగుడుడే అనుకున్నడు. సంఘంల అందరికంటె ఎక్కువ పాలు పోసే సాయిలత మాత్రం మూలకు కూసొని బిస్కెటు ముంచుకొని తింటున్నది. ఇంటి పొలం ఆమెనే దున్నుకుంటది, ట్రాక్టర్ ఆమెనే తోలుకుంటది. మాట తక్కువ మనిషి.

"గప్పుడు సారు హోటలుకు పోయి నిండు గ్లాసు చాయ్ తెచ్చిండు. అంచు దాంక. దాన్ని బానెట్ మీద పెట్టి, 'బాపు, చుక్క ఒలకకుంట రోడ్డు మీద తోలు' అన్నడు. ఏడిదాంక అన్న. నీ ఇష్టం అన్నడు. మద్నూర్ అన్న."

"మద్నూరా!" సీతారాం లేచి నిలవడ్డడు. "అది మహారాష్ట్ర బార్డర్ గద!"

"అదేడుందో వానికి గూడ తెలుసట, సంతోషం. పోయినం. బాన్సువాడ ఎప్పుడు దాటిందో నాకు తెల్వదు, ఆ ఉరుకుడుకు బోర్డుల మీది అక్షరాలు కలిసిపోయి ఉత్త గీత లెక్క కనవడుతున్నయి. ఊర్ల కుక్కలు మొరుగుదామని నోరు తెరిచేసరికి మేము పక్కూర్ల ఉన్నం. పాపం ఆ మొరుగుడు మా ఎనకొచ్చిన బస్సు మీద పడ్డది. పెద్దకొడప్‌గల్ కాడ బర్రె అడ్డమొచ్చింది. హారన్ కొట్టిన్నా? కొట్టలే. హారన్ ఎవ్వలు కొడుతరు? చేతగానోళ్ళు కొడుతరు." ఈ మాట కొంచెం గట్టిగ, సీతారాం ఉన్న దిక్కు తిరిగి అన్నడు. "కారును ఒక పక్క లేపి, రెండు చక్రాల మీద, బర్రె పొట్ట కిందికెల్లి తీసిన. బర్రెకు తెల్వనే తెల్వదు. నెమరేస్తనే ఉంది."

"చాయ్?" అన్నడు నర్సింహులు.

"వంగిన దిక్కు గ్లాసు గూడ వంగింది, గ్లాసు వంగిన దిక్కు చాయ్ వంగలే. సారు చూసి నా కాళ్ళు మొక్కుత అన్నడు, వద్దన్న. మద్నూర్ పోయినం. ఆడ మరాఠోళ్ళు కొబ్బరికాయలు కొట్టిండ్రు. అవుతలి దిక్కు ఇన్‌స్పెక్టర్ ఉరికొచ్చి, 'కాకా, ఆమ్చ్యాకడే యా, మా దిక్కు రా, మా లైసెన్సు గూడ తీస్కో' అని కుడి చెయ్యి పట్టుకొని గుంజుతున్నడు. మన సారు 'మా బాపును మేమియ్యం' అని ఎడమ చెయ్యి పట్టుకొని గుంజుతున్నడు. కారు నడుస్తనే ఉంది!"

"రెండు చేతులు వాళ్ళకిస్తే మరి స్టీరింగో?" అన్నడు సీతారాం.

"వానికి చెప్పు, మోకాళ్ళున్నయని."

చెప్పంగ చెప్పంగ పర్శరాములుకు అదంత ఎదురుంగనే కనవడుతున్నది. మద్నూర్ల కొబ్బరినీళ్ళ వాసన గూడ వస్తున్నది. నర్సింహులు చెయ్యి తాళంచెవి మీదికెల్లి లేచి గడ్డం కిందికి పోయింది, నోరు జర తెరుసుకుంది. ఇగ ఒక్క తోపు తోస్తే తాళం తన దిక్కు వస్తదని పర్శరాములుకు అనిపిచ్చింది.

"వచ్చేటప్పుడు దగ్గరయితదని నిజాంసాగర్ దిక్కు మళ్ళిచ్చిన. ఆడ చూస్తే గేట్లన్ని ఎత్తిండ్రు! మంజీర నిండ పారుతున్నది, రోడ్డు మీదికెల్లి మనిషెత్తు నీళ్ళు. ముందల నీళ్ళు, ఎనక మరాఠా సారు జీపు. మన సారు కండ్లు మూసుకొని దేవుండ్ల పేర్లు షురూ చేసిండు. సోంచాయించేటందుకు టైం ఏడిది? నాకున్న బలం పెట్టి రెండు బ్రేకులు ఒక్కసారి తొక్కిన! కారు ఒక్క గర్జన గర్జించి, గాలిల లేచి, మంజీర మీదికెల్లి..."

సాయిలత చేతిల బిస్కెటు చాయ్‌ల ఇరిగి పడ్డది. ఆమె దాని దిక్కు చూడలేదు.

"బాపు, జర ఆగు. ఏం తొక్కినవ్?"

"రెండు బ్రేకులు."

"కారుకా?"

"కారుకే బిడ్డా. ఎడమది, కుడిది. రోడ్డు మీద ఎప్పటికైన రెండు కలిపే తొక్కాలె. ఒక్కటే తొక్కితే బండి గిర్రున తిరిగి బోర్ల పడుతది. ట్రాక్టర్ తోలే మనిషివి, నీకు నేను చెప్పాల్నా?"

ఆయన చెప్పింది ట్రాక్టర్‌కైతే బరాబరే. ట్రాక్టర్ ఎనక చక్రాలకు రెండిటికి రెండు బ్రేకులుంటయి, కుడి కాలు కింద పక్కపక్కకు. పొలంల గట్టు కాడ మళ్ళిచ్చేటప్పుడు ఒకటి తొక్కితే ఆ పక్క చక్రం ఆగి బండి ఉన్నకాన్నే తిరుగుతది. రోడ్డెక్కితే రెండు కలిపి తొక్కాలె. దున్నేటోళ్ళకు ఈ సంగతి తలకాయ కంటె ముందు కాలికి ఎరుక.

"నాకు తెలుసు బాపు," అన్నది సాయిలత మెల్లగ. "గని కారుకు ఒక్కటే బ్రేకు. నాలుగు చక్రాలకు అదే. దాని పక్కకు కుడి దిక్కు ఉండేది రేసు, బండిని ఉరికిచ్చేది."

పర్శరాములు ఆమెను జాలిగ చూసిండు.

"రేసు కాలు కింద ఎందుకుంటది బిడ్డా? చేతితోని ఇస్తరు గద. స్టీరింగ్ కింద కట్టె ఉంటది, అది గుంజితే..."

"అది అద్దం తుడిచేది బాపు. వాన పడ్డప్పుడు."

పర్శరాములు చెయ్యి గాలిల లేని కట్టెను ఒకపారి గుంజింది, మల్లొకపారి గుంజింది. తర్వాత బల్ల మీద ఒక్క గుద్దు గుద్దిండు, గ్లాసులన్ని ఎగిరినయి.

"గందుకే! గందుకే మిట్టమధ్యాన్నం ఎండల అద్దం మీద ఆ పుల్లలు ఊగుడు! రేసు పెంచుదామని నేను గుంజినకొద్ది అవి జల్ది జల్ది ఊగుతున్నయి, కారేమో క్లచ్ ఇడిసినప్పుడు ఎట్ల జరిగిందో గట్లనే నత్త లెక్క పోతున్నది! ఆపుదామని రెండు తొక్కితే లేచి కట్టెలల్ల పడె! పోయినప్పుడల్ల గంతే, కట్టెలల్ల పడుడే! ఆ ఇన్‌స్పెక్టర్ దిగి, బట్టలు దులుపుకొని, 'ఫేలు, మల్ల రా' అంటడు గని, ఒక్కనాడన్న నోరు తెరిచి 'బాపు, ఇది బ్రేకు, ఇది రేసు' అని చెప్పిండా? మీరే చెప్పుండ్రి, చెప్పిండా? వానితోని ఇగ నేను సచ్చినా మాట్లాడ!"

ముందు పెద్దవ్వ నవ్వింది. నవ్వి నవ్వి చాయ్ జాలి కింద పెట్టి కొంగు నోట్ల కుక్కుకున్నది. సీతారాం బల్ల పట్టుకొని కూలవడ్డడు. నర్సింహులుకు కండ్లల్ల నీళ్ళచ్చినయి. పర్శరాములుకు తను ఏం చెప్పిండో అప్పుడు తెలిసింది, ఎనకకు తీసుకునేటందుకు లేదు. ఎవ్వలెవ్వలు నవ్విండ్రో ఒక్కొక్కల మొఖం చూసి పెట్టుకున్నడు. సాయిలత నవ్వలేదు. అది గూడ చూసి పెట్టుకున్నడు.

నర్సింహులు కండ్లు తుడుసుకొని తాళంచెవి తీసి సీతారాం చేతిల పెట్టిండు.

"పాలు ఆగయి అన్నా, ఏమనుకోకు. నువ్వు లైసెన్సు తెచ్చుకున్న నాడు రా, ఒక దినం వాడు, ఒక దినం నువ్వు."

పర్శరాములు లేచి తువ్వాల దులిపిండు. పోదామంటే బస్సు గిప్పుడే పోయింది. సీతారాం వ్యాను ఇంజన్ చాలు చేసి, ఇవతలి దిక్కు తలుపు తీసి పట్టుకున్నడు.

"కాకా, కామారెడ్డికి మీ ఊరి మీదికెల్లే పోత. రా, దింపుత."

వాని బండి ఎక్కుడా? నడిసన్న పోతడు గని ఎక్కడు. గట్లనే అనుకున్నడు. అనుకుంటనే తలుపు లోపలికి చూసిండు. స్టీరింగ్ కింద, సీతారాం కాళ్ళ కాడ, నల్లగ మూడు కనవడ్డయి. నడిమిది కొంచెం ఎడల్పు. కుడిది సన్నగ, పొడుగ్గ. నిలవడి కొద్దిసేపు వాటినే చూసిండు. ఎక్కి కూసున్నడు.

వ్యాను ఎల్లారెడ్డి దాటింది. రెండు పక్కల కోతకొచ్చిన వరి ఊగుతున్నది. పర్శరాములు పొలాలు చూడలేదు, రోడ్డు చూడలేదు. తలకాయ వంచి సీతారాం కాళ్ళే చూస్తున్నడు.

"ఏమన్న పడిపోయిందా కాకా కింద?"

"నువ్వు ముందటికి చూసి తోలు. బ్రేకు ఏ కాలుతోని తొక్కుతున్నవ్?"

"కుడి కాలుతోని."

"రేసు?"

"అదే కాలుతోని."

"రెండిటికి ఒక్కటే కాలా?" పర్శరాములు సోంచాయించిండు. "అంటే రెండు ఒక్కసారి తొక్కేటందుకే లేదన్నట్టు."

"లేదు కాకా."

"హూఁ."

లింగంపేట దాటింది. ఊరి కమాను కాడ సీతారాం వ్యాను ఆపి, చెయ్యి చాపి తలుపు తీసిండు. ఎండ లోపలికి వచ్చింది. పర్శరాములు దిగలేదు. తలుపు గుంజి ధన్న పెట్టుకున్నడు.

"ఎందుకాపినవ్?"

"మీ ఊరచ్చింది గద కాకా."

"ఊరు ఏడికి పోతది. ఇప్పుడు నువ్వు బ్రేకు తొక్కినప్పుడు క్లచ్ ముందు తొక్కినవా, ఎనక తొక్కినవా, నాకు సక్కగ కనవడలే. పోనియ్. కామారెడ్డి దాంక చూస్త, అప్పుడు చెప్త నీకు తోల వస్తదో లేదో."