రెండు గుండెల చేపపిల్ల

రండి, దగ్గరికి రండి. జూనిపర్, ఆ తడి గడ్డి మీద కాదమ్మా, ఈ మెట్టు మీద కూర్చో. డెస్మండ్, ఆ కుక్కను వదిలేసి రారా, అది నాకంటే బాగా కథలు చెప్పదు. నిప్పుల మీద ఆ సాల్మన్ చేప కాలేలోపు మీకో సంగతి చెప్పాలి. నా పరువంతా దాని మీదే వేలాడుతోంది.

పరిశోధనశాలలో మా చేపల గది రివాజు మీకు తెలుసు కదా. అక్కడ పెంచే జీబ్రా గీతల చేపలకు పుట్టిన వింత పిల్లను ముందుగా ఎవరు చూస్తే వాళ్లే పేరు పెట్టాలి. ఎంత చదువుకున్న పెద్దలైనా ఆ మాట దాటరు. ఇన్నేళ్లుగా ఆ గదిలో తొట్లు కడుగుతున్నాను, ఓరిన్ అన్న నా పేరు ఎక్కడుందంటే నాచు గోకే బ్రష్షు మీద ఉంది. ఇవాళ భోజనాలయ్యాక, మా గదికి పెద్ద అయిన ఆ లొరైన్ అలాంటి పిల్లను కన్న చేపల తొట్టెకు కొత్త పేరు అంటిస్తుంది. ఆ పేరు నాదే.

"నువ్వేం చూశావు తాతా?" అన్నాడు డెస్మండ్.

రెండు గుండెల పిల్లను చూశాను. నవ్వకు. గుండె మొదట్లో ఒక్కటిగా ఉండదురా. చేపకైనా నీకైనా కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం పుడుతుంది. ఆ రెండూ మెల్లగా జరుగుతూ మధ్యకొచ్చి కలవాలి. వాటికి దారి చెప్పేదెవరు?

"మెదడు."

అప్పటికి మెదడే సరిగ్గా కుదురుకోలేదు నాయనా. చెప్పేది కొవ్వు. ప్రతి కణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది, సబ్బు బుడగకు ఉన్నట్టు. ఉత్త గోడ అనుకునేవాళ్లు దాన్ని. కాదు. అవసరం పడ్డప్పుడు ఆ గోడలోంచే చిన్న పెళ్ల తెంపి, కాస్త మార్చి, పక్కవాళ్లకు కబురుగా పంపిస్తాయి కణాలు. చేపపిల్లలో గుడ్డు సొన మీది పొర ఆ కబురు పంపితేనే గుండె ముక్కలు మధ్యకు కదిలేది. కబురు అందలేదా, ఎక్కడివక్కడే ఉండిపోయి రెండు గుండెలై కొట్టుకుంటాయి. ఇంతవరకు ఒక్క ముక్క అబద్ధం లేదు, మా గదిలోనే పనిచేసే మీ అమ్మలను అడగండి.

"ఇంతవరకు," అంది లొరైన్, నిప్పుల మీద చేపను తిప్పుతూ.

ఆవిడ మాటకేం గానీ వినండి. మొన్న పొద్దున, అంతకుముందు రోజు పెట్టిన గుడ్లను పైతోలు ఒలిచి, డ్రాపరుతో పీల్చి, గాజు పళ్లెంలో వదిలి మైక్రోస్కోపు కింద పెట్టాను. కళ్లద్దాలు కారులో మరిచిపోయాను, అయినా నా చూపుకు కళ్లద్దాలతో పనేముంది. చూద్దును కదా, ఒకటే పిల్ల, లోపల రెండు గుండెలు, ఒకటి టిక్కంటే ఇంకోటి టక్కంటోంది. నా ప్రాణం ఉసూరుమంది. పాపం, కబురు అందని పిల్ల. ఏం చేశానో తెలుసా? ఆ గదిలో తినకూడదు, నేనేం తినడం లేదు, వెన్న రాసిన టోస్టు దానంతటదే నా చేతిలో ఉంది. ఆ వెన్న వేలితో పళ్లేన్ని ఇలా, ముద్దుగా తట్టాను.

"వెన్నతోనా?"

కొవ్వే కదా కావాల్సింది. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? రెండు గుండెలూ ఆగి, అటూ ఇటూ చూసి, ఒకదాని వైపు ఒకటి నడిచాయి. నడక పరుగైంది. ఆ ఊపుకు బల్ల మీద పళ్లెం గిర్రున తిరిగింది. కలిసిన చప్పుడుకు గోడ గడియారం ఆగింది. అంతటితో అయిందా? పళ్లెం కడిగిన నీళ్లు తూములోంచి విలామెట్ నదిలోకి పోయాయి. ఆ కబురు విని, ఎగువకు పోయే సాల్మన్లన్నీ వెనక్కి తిరిగి జంటలు జంటలుగా నిలబడ్డాయి. ఎప్పుడో విడాకులు తీసుకున్న ఫిచ్ దంపతులు, ఆయన అటు ఒడ్డున, ఆవిడ ఇటు ఒడ్డున ఉంటారే, ఇద్దరూ ఇంట్లో చెప్పులతోనే బయలుదేరి వంతెన నడిమధ్యలో ఎదురుపడ్డారు. ఎందుకొచ్చారో ఇద్దరికీ తెలీదు. ఆఖరికి నది ఒడ్లే దగ్గరకు జరగబోతుంటే, నేనే పరుగెత్తుకెళ్లి నీళ్ల మీది వెన్నను రొట్టెముక్కతో అద్ది తీశాను. లేకపోతే ఇవాళ మన ఊళ్లో నదే లేదు.

జూనిపర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తోంది. "తాతా, ఆ పిల్లకు కళ్లెన్ని?"

కళ్లా? నాలుగు. అందుకే కదమ్మా వింత పిల్ల అన్నది.

"తోకలు?"

రెండు. కాస్త అటూ ఇటూగా.

"గుండెలు కలిశాక?"

కలిశాక... కళ్లు రెండే. తోక ఒకటే. అన్నీ సర్దుకున్నాయి.

"మరి నువ్వు తట్టాక పళ్లెంలో పక్కన ఇంకో పిల్ల ఉందా?"

ఉంటే ఉండి ఉండొచ్చు, ఎక్కడినుంచో వచ్చి చేరింది.

"అమ్మ నాకూ చూపించింది తాతా. అవి గాజులా ఉంటాయి కదా, ఒకదాని మీద ఒకటి పడుకుంటే కిందిదాని గుండె పైదాంట్లో ఉన్నట్టే కనబడుతుంది. పళ్లేన్ని తడితే విడిపోతాయి."

లొరైన్ పట్టకారు పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. "అయితే ఆ తొట్టెలో ఉన్నవి మామూలు చేపలేనన్నమాట. ఓరిన్, నీ పేరు రాసిన టేపు ముక్క కత్తిరించి ఉంచాను. ఏం చెయ్యమంటావు?"

నా కళ్లద్దాల డబ్బాకు అంటించు. దాన్ని మాత్రం ముందుగా కనిపెట్టింది నేనే, రోజూ కారు సీటు కింద.

సరే, లేవండి పిల్లలూ, చేప కాలింది, పోయి తినండి. జూనిపర్, నువ్వు మాత్రం నాకో సాయం చెయ్యమ్మా. ఆ బెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె మనిషికో ముక్కేనట. నా పళ్లెంలో రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టించు, ఒక్కటే అనుకుంటారు. లొరైన్ కూడా కళ్లద్దాలు తీసేసే ఉంది.