గాలొచ్చే మూల

తెనాలిలో నాగూర్ బాషా వీల్ అలైన్‌మెంట్ షెడ్డు. పొద్దున తొమ్మిదిన్నర. జాకీ మీద ఒక పికప్పు బండి; పక్కన, రేపల్లె నుంచి దాన్ని తోలుకొచ్చిన యజమాని డేనియల్. షెడ్డు ముందు బెంచీ మీద కొందరు, నీడన బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఇంకొందరు.

"చెప్పులు కొంటే మూడేళ్ళు వస్తున్నాయి బాషా. టైరు కొంటే మూడు నెలలు రావట్లా. ఇదెక్కడి న్యాయం?"

"చెప్పుల మీద మీరు టన్నున్నర అరటిగెలలు ఎక్కించరు కదా డేనియలన్నా."

"గెలల బరువు నాలుగు టైర్ల మీదా ఉంటుంది. అరిగేది మాత్రం ముందు ఎడమదొక్కటే. మిగతా మూడూ పని చెయ్యట్లేదా?"

"చెయ్యి పెట్టి చూడండి. బయటంచుకి కొత్త టైరు వెంట్రుకలు కూడా పోలా. ఇప్పుడు లోపలంచు చూడండి."

"నున్నగా ఉంది."

"నున్నగా ఏంటన్నా, తీగ తేలింది. ఇటు క్రాఫు, అటు గుండు. దీంతో లోడెత్తితే పేలుద్ది."

"పోయినసారి వేమూరు దగ్గర పేలింది కూడా ఇట్టా అరిగే. గెలలు ఎండకి మగ్గిపోయాయి. చీరాల చేరేసరికి మధ్యాహ్నం. లోడిచ్చే షావుకారు చలపతిరావు గారు తిట్టలేదు బాషా. తిట్టుంటే బాగుండేది. 'ఇంకొక్కసారి లేటైతే లోడు శ్రీకర్ బండికి ఇస్తానండి' అన్నారు. అండి అన్నారు. అప్పుడేసింది భయం."

"ఆయన లోడు తప్ప మీకు ఇంకోటి లేదా?"

"ఉంది. ఆదివారం చర్చి కుర్చీలు. అది ఉచితం."

"సరే."

"సరే కాదు. రేపు కొల్లూరులో లోడుకి బండి సిద్ధమేనా అని ఇవాళ పదింటికి ఆయన ఫోన్ చేస్తారు. నువ్వు టైరు మార్చు, అలైన్‌మెంట్ చెయ్యి, పంపించు. అంతే."

"ఈ ఏడు మూడుసార్లు చేశా. వారం తిరక్కుండా మళ్ళీ పోతంది. ఒకటడుగుతా, నిజం చెప్పాలి."

"నేను అబద్ధమాడను."

"లోడు ఎక్కువేస్తన్నారా?"

"గెల బరువు గెలకి తెలియాలి. నాకేం తెలుసు?"

"పోనీలెండి, అదైతే రెండు వైపులా అరగాలి. సాయంత్రం బండి ఎక్కడ పెడతారు?"

"ఇంట్లో."

"ఇంట్లోకి ఎట్టా వెళ్తది?"

"గేట్లోంచి."

"అన్నా."

"గేటు కొంచెం జరిపాంలే."

"ఎటు?"

"మూలకి."

"ఏ మూలకి?"

"గాలొచ్చే మూలకి."

"ఈశాన్యమా?"

"అలాంటివి మేం నమ్మం బాషా. మాది లూథరన్ కుటుంబం, మా తాత చర్చిలో ఉపదేశి. గాలి కోసం జరిపాం. సంఘంలో కూడా అదే చెప్పాం."

"నమ్మారా?"

"పాస్టరు గారు మేస్త్రీ నంబరు అడిగారు."

"తప్పు పట్టట్లేదన్నా. మా ఇంటిక్కూడా గాలి ఆ మూల నుంచే వస్తది. ఇంతకీ ఆ మూలన ఏముంది?"

"కరెంటు స్తంభం."

"స్తంభం పక్కన?"

"సైడు కాలవ."

"అంటే రోజూ స్తంభం తప్పించడానికి స్టీరింగు మొత్తం కోసి, ఎడమ చక్రాన్ని కాలవ గట్టుకేసి గుద్ది ఎక్కిస్తన్నారు."

"గుద్దడం అనకు. ఆనిస్తాను."

"రోజూ ఆనిస్తన్నారు. నేనిక్కడ సెట్ చేసింది అక్కడ వంకరపోతంది. ఇంకేం లేదు, గేటు పాత చోటే పెట్టండి."

"కుదరదు."

"బండి వీధిలో పెట్టండి."

"పెట్టాను. తెల్లారేసరికి బ్యాటరీ లేదు."

"పోనీ రివర్సులో ఎక్కించండి. ముందు చక్రానికి దెబ్బ తగలదు."

"ఇంట్లోకి వెనక్కి వెనక్కి రాకూడదంట."

"ఎవరన్నారు?"

"అంటారు."

"మీరు నమ్మరు కదన్నా."

"నేనెక్కడ నమ్మాను? మీ వదిన. గేటు మారాకే మా అమ్మాయి కరుణశ్రీకి బాపట్లలో టీచరు పోస్టింగు వచ్చింది. ఇప్పుడు గేటు ముట్టుకుంటే హెలెన్ నన్ను బతకనివ్వదు. ఆడవాళ్ళకి ఎంత చెప్పినా అంతే బాషా."

"వదినతో నేను మాట్లాడతా."

"వద్దు. ప్రార్థనలో ఉంటుంది."

"తొమ్మిది ముప్పావుకా?"

"పెద్ద ప్రార్థన చేస్తది."

"నా ఫోన్లో నంబరుంది. ఇదిగో, స్పీకర్లో పెట్టా. వదినా, నేను బాషాని, తెనాలి నుంచి."

"చెప్పు బాషా. మళ్ళీ ఎడమదేనా?"

"మీకెట్టా తెలుసు?"

"రోజూ సాయంత్రం ఇల్లు అదురుద్ది, తెలీకేం. ఆయనేమో ఆనించానంటారు."

"గేటు పాత చోట పెడితే బండి బాగుపడుద్ది వదినా. మీరు ఒప్పుకోరంట. అమ్మాయి పోస్టింగు..."

"పోస్టింగు వచ్చింది జనవరిలో. గేటు జరిపింది మార్చిలో. నేను ఒప్పుకోకపోవడం ఏంటి? ఫోన్లో వీడియోలు చూసి, దిక్సూచి కొనుక్కొచ్చి, టేపు పెట్టి కొలిచి జరిపించింది ఆయన. వరండాలోకి గాలి రావట్లేదు మొర్రో అని అప్పట్నుంచి నేను మొత్తుకుంటానే ఉన్నా."

"హెలెన్, బాషా ముందు..."

"అక్కడే ఉన్నారా మీరు."

"అది కాదు. గేటు జరిపిన నాలుగో రోజే చలపతిరావు గారు లోడిచ్చారు. అంతకు ముందు పదకొండు నెలలు నా బండి కుర్చీలు తప్ప ఏం మొయ్యలా. నేను నమ్మానని కాదు. చూశానని."

"గేటు అక్కడే ఉంటే టైరు పేలి ఆ లోడే పోద్దన్నా."

"తీస్తే గేటుతో పాటు పోద్ది. నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి. ఒక నెల..."

"ఆలోచించక్కర్లేదండి. మీరు అటు వెళ్ళగానే లూకా మేస్త్రీని పిలిపించా. గేటు ఊడదీశాడు. పాత చోట నిలబెట్టి ఇప్పుడే సిమెంటు పెడతన్నాడు."

"ఊడదీశాడా?"

"తొమ్మిదింటికే."

"బాషా, టైమెంత?"

"పది. మీ ఫోన్ మోగుతందన్నా. చలపతిరావు గారని పడతంది. ఎత్తండి."

"ఎట్టా ఎత్తను? గేటు ఊడదీశాక వస్తున్న మొదటి ఫోను... కాదు, పదింటికే చేస్తానన్నారు. పదింటికే చేశారు. బాషా, నువ్వు చెప్పు."

"నాకు టైర్ల గురించే తెలుసన్నా."

"అయితే అయ్యా, బెంచీ మీద కూర్చున్నాళ్ళూ, అమ్మా, బస్సు కోసం నీడన నిలబడ్డాళ్ళూ, ఒక్క మాట చెప్పండి. మీరు ఇలాంటివి నమ్మరని తెలుసు. నేనూ నమ్మను. మీ గేట్లు కూడా గాలి కోసమే జరిపుంటారు. అందుకే అడుగుతున్నా. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉందంట. ఈ ఫోన్ ఎత్తమంటారా, ముందు గేటు పీకించి అప్పుడు ఎత్తమంటారా?"